అటకని గది చేస్తున్నారా? గడ్డర్ ఎక్కడ పడాలో ముందు తేల్చుకోండి

కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో మా మావయ్యది పెంకుటిల్లు. అమ్మమ్మ రోజుల్లో ఆ అటక మీద ఇత్తడి గుండిగలు, ఎండుకొబ్బరి కాయల రాశి, విరిగిన ఉయ్యాల బల్ల, ఏడాదికోసారి కిందికి దిగే ఆవకాయ జాడీలు ఉండేవి. గోదారి పొంగితే బియ్యం బస్తాలూ అక్కడికే ఎక్కేవి. పిల్లలకి చదువుకునే గది కావాలని బావ దాన్ని బాగు చేయించాడు. పెంకు దింపించి, పుచ్చిన వాసాలు మార్పించి, గోడల మీద ఇనుప గడ్డర్లు వేయించి, వాటి మీద చెక్క పరిపించాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కాకపోతే మెట్లెక్కి పైకి వచ్చిన మనిషి మొదటి అడుగులోనే, వాసాల్ని కలిపే అడ్డ గడ్డర్ కింద తల వంచాలి. మావయ్య ఆరడుగుల మనిషి. రెండో రోజుకే నుదురు బొప్పి కట్టింది. ఇప్పుడు ఆ అడ్డ గడ్డర్‌కి పాత పరుపు ముక్క చుట్టి, కొబ్బరి తాడుతో కట్టి ఉంచారు.

"ఒరేయ్, గడ్డర్ కాస్త సన్నది వేయిస్తే సరిపోయేదంటావా?" అని నన్నడిగాడు.

"సైజు కాదు మావయ్యా, చోటు తప్పింది" అన్నాను.

ఇళ్ళ డ్రాయింగులు గీయడం నా పని. అటక పనికి పిలిచిన ప్రతి ఇంట్లోనూ మొదట అడిగేది "ఏ సైజు బీమ్ వెయ్యాలి?" అనే. అది మూడో ప్రశ్న. ఏ ఎత్తున వెయ్యాలి, ఏ దిక్కుగా వెయ్యాలి అన్నవి తేలాక సైజు దానంతట అదే తేలుతుంది.

కింద మిగులు, పైన కరువు

ఇంగ్లండులో అటకల్ని గదులు చేసుకోవడం పెద్ద అలవాటు. ఆ వీడియోలు చూసి మనవాళ్ళు కూడా గడ్డర్‌ని నేల మందంలో దాచాలి, లేదంటే కప్పులోకి ఎత్తెయ్యాలి అనుకుంటారు. అక్కడ మామూలు ఇళ్ళలో కింది గది ఎత్తు ఎనిమిది అడుగులకి అటూ ఇటూ ఉంటుంది. అందులోంచి అరడుగు తీశారంటే కింద ఊపిరాడదు. అందుకే వాళ్ళకి ఆ తిప్పలు.

మన డెల్టాలో పాత పెంకుటిళ్ళ సంగతి వేరు. ఉక్కకి గాలాడాలని గోడలు పది, పదకొండు అడుగులు లేపిన ఇళ్ళు చాలా ఉన్నాయి. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం దూలం కింద ఖాళీ 2.4 మీటర్లుండాలి, అంటే ఏడడుగుల పదిన్నర అంగుళాలు. పదిన్నర అడుగుల గోడ ఉన్న ఇంట్లో ఆ లెక్క పోను ఇంకా రెండున్నర అడుగులు మిగులుతుంది. పైన అటకలో మాత్రం అంగుళం అంగుళానికీ కరువే. మిగులున్న చోట ఖర్చు పెట్టి, కరువున్న చోట దాచుకోవాలి. బావ చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. కింది గదిలో ఒక్క అంగుళం పోనివ్వలేదు, పైన అడుగుకి పైగా పోగొట్టుకున్నాడు.

టేపు ఎక్కడ పట్టాలి

చాలామంది నడికొప్పు (కప్పు వాలులు పైన కలిసే చోటు) కింద నిలబడి టేపు పైకి ఎత్తి, "తొమ్మిదడుగులుంది, చాలు" అంటారు. నడికొప్పు ఒక గీత. మనిషి గీత మీద నడవడు. చూడాల్సింది తల వంచకుండా నడిచే వెడల్పు ఎంతొస్తుందని.

మావయ్య ఇంటినే లెక్క తీసుకుందాం. బయటి గోడ నుంచి బయటి గోడకి 26 అడుగులు. గోడ తల నుంచి నడికొప్పు కింద వాసం అడుగు దాకా 9 అడుగులు. అంటే గోడ నుంచి లోపలికి ఒక్కో అడుగు జరిగేకొద్దీ కప్పు ఎనిమిది అంగుళాల పైచిలుకు లేస్తుంది. ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్నంత మేర నడవగలం అనుకుంటే, అటక నేల గోడ తలతో సమంగా ఉన్నప్పుడు నడిచే వెడల్పు ఏడడుగుల రెండంగుళాలు వస్తుంది.

ఇప్పుడు నేలని తొమ్మిదంగుళాలు పైకి లేపండి. ఆ వెడల్పు అయిదడుగులకి పడిపోతుంది. పద్నాలుగు అంగుళాలు లేపితే నాలుగడుగులు కూడా ఉండదు. కప్పు వాలుగా ఉంది కాబట్టి నేల లేచే ప్రతి అంగుళానికీ రెండు పక్కలా కలిపి దాదాపు మూడంగుళాల వెడల్పు పోతుంది. కప్పు వాలు తక్కువైతే ఇంకా ఎక్కువ పోతుంది. అదే నేలని గోడ తల కన్నా అడుగు కిందికి దించగలిగితే వెడల్పు పదడుగులకి చేరుతుంది. ఒకే ఇల్లు, ఒకే కప్పు. నాలుగడుగుల సందు కావాలో పదడుగుల గది కావాలో గడ్డర్ కూర్చునే ఎత్తే తేలుస్తుంది.

మావయ్య తలకి తగిలే అడ్డ గడ్డర్ కూడా ఇందులోదే. పాత అడ్డ దూలం, దాని మీది నిట్రాడు (నడికొప్పుని మోసే నిలువు కర్ర) తీసేశాక వాసాలు విడిపోకుండా రెండు పక్కల వాసాల్నీ కలిపి ఆ గడ్డర్ వేశారు. గోడ తల నుంచి దాని అడుగుకి ఏడడుగులుంది. నేల గోడ తలతో సమంగా ఉంటే ఎవరికీ తగిలేది కాదు. నేల పద్నాలుగు అంగుళాలు లేచింది కాబట్టి అయిదడుగుల పది అంగుళాలే మిగిలింది.

ప్లాన్‌లో దీన్ని పడకగది అని చూపించాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. వాలు కప్పు గదికి సగటు ఎత్తు 2.75 మీటర్లు ఉండాలని అదే కోడ్ చెబుతుంది. మన అటకల్లో చాలావాటికి అది అందదు. ఆరున్నర అడుగులన్నది నేను తల తగలకుండా పెట్టుకున్న కొలతే తప్ప అనుమతికి పనికొచ్చే కొలత కాదు. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ముందే కనుక్కోండి.

గడ్డర్ కూర్చునే చోట్లు

మేస్త్రీలు ఎక్కువగా చేసేది గోడ తల మీద గడ్డర్, గడ్డర్ మీద దంతెలు (నేల చెక్కని మోసే సన్న దూలాలు), దంతెల మీద చెక్క. ఎనిమిది, అయిదు, ఒకటి, మొత్తం పద్నాలుగు అంగుళాలు. పని తేలిక. గోడ కొయ్యక్కర్లేదు, వెల్డింగ్ తక్కువ, వడ్రంగికి తిప్పలుండవు. రెండు రోజుల్లో గడ్డర్లు ఎక్కేస్తాయి. అటకని సామాన్ల కోసమే ఉంచుకుంటే ఇది చాలు. మనుషులు తిరగాలంటే మాత్రం ఇంతకన్నా చెడ్డ పద్ధతి లేదు. తక్కువ కూలికి ఒప్పుకున్నవాళ్ళు దీన్నే చేసి పెడతారు, ఎందుకని అడిగితే "అందరూ ఇలాగే వేస్తారండీ" అంటారు.

రెండోది దంతెల్ని గడ్డర్ పక్కలకి చేర్చడం. ఐ ఆకారం గడ్డర్‌లో పై పట్టీ, కింది పట్టీ, మధ్య నిలువు రేకు ఉంటాయి కదా, ఆ రెండు పట్టీల నడుమ దంతె కొన కూర్చుంటుంది. అప్పుడు గడ్డర్ మందమే నేల మందం. వినడానికి బాగుంటుంది కానీ ఇందులో రెండు మెలికలున్నాయి. ఆరంగుళాల బీమ్‌కి కింది పట్టీ మొత్తం వెడల్పు మూడంగుళాలు. నిలువు రేకు పోను ఒక పక్కన అంగుళంన్నర కూడా ఉండదు. అంత సన్నని ఆనింపు మీద దంతెని వదలకూడదు. నిలువు రేకుకి రెండు పక్కలా చెక్క దిమ్మలు బోల్టులతో బిగించి, వాటికి ఇనుప రేకు హ్యాంగర్లు కొట్టి, ఆ హ్యాంగర్లలో దంతెలు కూర్చోబెట్టాలి. రెండో మెలిక చెక్క ఆరడం. కొత్త చెక్క ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, ఇనుము కుంచించుకోదు. రెండిటినీ సరిసమానంగా పెడితే ఏడాది తిరిగేసరికి గడ్డర్ ఉన్న చోట నేల ఉబ్బినట్టు కనిపించి, చెక్క కిర్రుమంటుంది. దంతె తల గడ్డర్ కన్నా ఒక సెంటీమీటరు పైకి ఉండేలా చూడమనండి.

మూడోది, నాకు బాగా నచ్చింది, గడ్డర్‌ని గోడలో గూడు చేసి గోడ తల కిందికి దించడం. దంతెలు గడ్డర్ మీదే పడుకుంటాయి, పక్కలకి చేర్చే తంటా లేదు. ఆరంగుళాల గడ్డర్, అయిదంగుళాల దంతె, అంగుళం చెక్క కలిపి అడుగు. నేల గోడ తలతో సమానం. కింద పదిన్నర అడుగుల గదిలో గడ్డర్ అడుగుకి తొమ్మిదిన్నర అడుగులు మిగులుతాయి. ఇంకో అడుగు దించినా ఎనిమిదిన్నర ఉంటుంది, కోడ్ చెప్పిన దానికన్నా ఎక్కువే. కింద గడ్డర్లు కనిపిస్తాయే అంటారు. కనిపించనివ్వండి. టేకు దూలాలు కనిపించే ఇంట్లోనే కదా మనం పెరిగాం. నల్లటి రంగు కొట్టిన గడ్డర్ వాటి పక్కన ఏమీ చెడ్డగా ఉండదు. ఫ్యాను రెక్కకీ గడ్డర్‌కీ గొడవ రాకుండా ఫ్యాను చోటు ముందే గీసుకుంటే చాలు.

దీనికీ ఒక ధర ఉంది. పాత అడ్డ దూలాలు గోడ తల మీద కూర్చుని రెండు గోడల్నీ పట్టి ఉంచుతాయి. వాసాలు రాత్రీ పగలూ గోడల్ని బయటికి తోస్తుంటాయి, ఆ తోపుడుని ఆపేది ఆ దూలాలే. నేల దించితే ఆ దూలాలు అటక మధ్యలో మోకాలికి తగిలేలా మిగిలిపోతాయి. "ఇవి తీసేస్తే సరి" అని ఎవరో ఒకరు రంపం పడతారు. కొత్త గడ్డర్లు కూర్చుని, వాటి కొనలు గోడకి బోల్టులతో బిగిసి, వాసాల అడుగులు ఏదో ఒక గట్టి కట్టుకి చేరేదాకా పాత దూలం మీద చెయ్యి వెయ్యనివ్వకండి. నేల గోడ తలతో సమంగా ఉంటే అడ్డంగా వేసిన గడ్డరే ఆ కట్టు పని కూడా చేస్తుంది. అడుగు దించితే మాత్రం పైన మిగిలిన ఆ అడుగు గోడ ఒంటరిగా తోపుడు తింటుంది. అప్పుడు గోడ తల చుట్టూ కాంక్రీటు బ్యాండ్ పోయించాలి, లేదా నడికొప్పు కింద గడ్డర్ వేసి వాసాల బరువు దాని మీద ఆనించాలి. ఆ లెక్క స్ట్రక్చరల్ ఇంజినీర్ చేత వేయించండి. మేస్త్రీ అనుభవం ఎంత గొప్పదైనా ఈ ఒక్క చోట సరిపోదు.

నాలుగోది, చూరు పక్కన ఎవరూ నిలబడని మూలలో గడ్డర్‌ని నేల పైకి లేచేలా పెట్టి, దంతెల్ని దానికి కింద వేలాడదీయడం. గోడ నుంచి మూడున్నర అడుగుల దూరంలో, పొట్టి గోడ వెనకాల దాగుతుంది. పైనా కిందా ఎత్తు పోదు. మట్టి గోడల ఇళ్ళలో, పక్క గోడల్లో గూళ్ళు చెయ్యడం ప్రమాదమైన చోట్ల ఇది ఆదుకుంటుంది. బరువు రెండు చివరలకి వెళ్ళిపోతుంది, అక్కడ కొత్త స్తంభాలు లేపుకోవచ్చు. కానీ గడ్డర్ ఇంటి పొడవునా సాగాలి కాబట్టి పెద్ద సైజు కావాలి. పై పట్టీని పక్కకి ఒరగకుండా పట్టుకునే దంతెలుండవు కాబట్టి ఇంకాస్త పెద్దది కావాలి. పైగా కోనసీమలో నాలుగు వైపులా వాలున్న కప్పులే ఎక్కువ. అలాంటి కప్పులో గడ్డర్ చివరలు వెళ్ళి వాలుకి గుద్దుకుంటాయి. రెండు చివరలా త్రికోణం గోడలున్న ఇంటికే దీని గురించి ఆలోచించండి.

నడికొప్పు కింద గడ్డర్ సంగతి కొంచెమే చెబుతాను. నిట్రాళ్ళు తీసేసి అటకంతా ఖాళీగా కావాలంటే అది తప్పదు. మన లెక్కలో తొమ్మిదడుగుల కింద ఎనిమిదంగుళాలు పోయినా ఎనిమిదడుగుల నాలుగంగుళాలు ఉంటుంది, తల పోదు. నేల ముందే పద్నాలుగు అంగుళాలు లేపేసిన ఇంట్లో వేస్తే మాత్రం చేతులెత్తి చొక్కా తొడుక్కునేటప్పుడు తగులుతుంది.

దిక్కు, సైజు

గడ్డర్ ఎంత దూరం దాటాలన్నదే దాని లోతుని నిర్ణయిస్తుంది. మావయ్య ఇంట్లో మధ్య గోడ ఉంది, ముందు గది పద్నాలుగు అడుగులు, వెనక గది పన్నెండు. గడ్డర్లు ఆ దిక్కుగా వేస్తే దాటాల్సింది పద్నాలుగు. ఇంటి పొడవునా వేస్తే ఇరవై. బావ ఇరవై అడుగుల దిక్కుగా వేయించాడు, నాలుగు గడ్డర్లతో పని అయిపోతుందని.

ఆరడుగులకొక గడ్డర్, ఇంట్లో మామూలు వాడకానికి చదరపు మీటరుకి 200 కిలోల బరువు, దాని మీద చెక్క నేల బరువు అనుకుని లెక్క వేస్తే, పద్నాలుగు అడుగులకి 150 మిల్లీమీటర్ల బీమ్ సరిపోతుంది. అది ఆరంగుళాల లోతు, మీటరుకి సుమారు 15 కిలోలు. ఇరవై అడుగులకి 200 బీమ్ కావాలి. ఎనిమిదంగుళాల లోతు, మీటరుకి 25 కిలోల పైచిలుకు. దిక్కు మార్చినందుకే రెండంగుళాలు పోయాయి, ఒక్కో గడ్డర్ 64 కిలోల నుంచి 155 కిలోలకి పెరిగింది. మొదటిది నలుగురు మనుషులు భుజాన మోసుకొస్తారు. రెండోదానికి చైన్ పుల్లీ కావాలి. కొబ్బరి చెట్ల మధ్య సందుల్లోంచి క్రేన్ రావడం ఎలాగూ కుదరదు.

దూరం సగమైతే, అడుగుకి పడే బరువు అంతే ఉన్నా, వంగుడు పదహారో వంతుకి పడిపోతుంది. కింద వాడుకోదగ్గ మధ్య గోడ ఉందా అని వెతకడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ఆ గోడ తొమ్మిదంగుళాలదా, నాలుగున్నరదా, దాని కింద పునాది ఉందా లేక నేల మీదే లేపారా అన్నది ఒక మూల తవ్వి చూసుకోండి. మన ఒండ్రు నేల మెత్తన, వానాకాలం నీళ్ళు పైకొస్తాయి. అడ్డు కోసం లేపిన గోడ మీద గడ్డర్ ఆనిస్తే రెండు వర్షాకాలాల్లో అది దిగుతుంది, దానితో పాటు పైన నేల కూడా.

సన్నగా కనిపించాలని హెచ్ బీమ్ అడిగేవాళ్ళున్నారు. పట్టీలు వెడల్పుగా ఉంటాయి, లోతు తక్కువ, కాబట్టి ఎత్తు మిగులుతుందని ఆశ. మిగులుతుంది, ఊరికే కాదు. పాత ఐ.ఎస్. (భారత ప్రమాణాల) పట్టికల ప్రకారం 250 ఐ బీమ్, 200 హెచ్ బీమ్ రెండూ మీటరుకి 37.3 కిలోలే. అదే ఇనుము, రెండంగుళాలు తక్కువ లోతు. కానీ వంగకుండా నిలిచే శక్తి హెచ్‌కి డెబ్భై శాతమే. మన ఇరవై అడుగుల లెక్కలో 200 ఐ బీమ్ బదులు, దానికన్నా కొంచెం బరువైన 150 హెచ్ బీమ్ వేస్తే, మనుషులూ సామాన్లూ ఎక్కినప్పుడు అది 22 మిల్లీమీటర్లు వంగుతుంది. పెచ్చులూడే పూతలున్న చోట దూరంలో 360వ వంతు, అంటే ఈ ఇంటికి 17 మిల్లీమీటర్లు దాటకూడదని ఇనుప కట్టడాల ప్రమాణం ఐ.ఎస్. 800 చెబుతుంది. ఐ బీమ్ అయితే పద్నాలుగున్నర దగ్గర ఆగుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి ఊగే నేల కొనుక్కున్నట్టు. హెచ్ బీమ్ పనికొచ్చేది పది, పన్నెండు అడుగుల దూరానికి, మెట్ల పైన ఒక్క గడ్డర్ లోతు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు.

మా వైపు వెల్డర్లకి బాక్స్ పైపు మీద మోజెక్కువ. కొయ్యడం తేలిక, అంటించడం తేలిక. లోపల పట్టే తుప్పు కనపడదన్నదే నా భయం. వాడితే కొనలు గాలి చొరకుండా మూయించండి.

నేలకి కాంక్రీటు వద్దు. నాలుగంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకి 250 కిలోలు తూగుతుంది, మనుషుల బరువు కన్నా నేల బరువే ఎక్కువవుతుంది, గడ్డర్ లోతు మళ్ళీ పెరుగుతుంది. చెక్క గానీ సిమెంట్ ఫైబర్ బోర్డు గానీ చాలు. వేడికి కప్పు కింద వేసే షీటు వాసాల కింద కాకుండా వాసాల మధ్య పెడితే ఇంకో రెండంగుళాలు దక్కుతాయి.

కొనల దగ్గర

పద్నాలుగు అడుగుల గడ్డర్ ఒక్కో కొనన దాదాపు 1,150 కిలోలు దించుతుంది. మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు ఆనింపు మీద అదంతా పడితే చదరపు అంగుళానికి 64 కిలోలు. సున్నం గచ్చుతో కట్టిన పాత ఇటుక గోడ అంత భరించలేదు, పిండవుతుంది. కింద అడుగు పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు కాంక్రీటు బెడ్ బ్లాక్ పోస్తే అదే బరువు చదరపు అంగుళానికి 11 కిలోల లోపుకి వస్తుంది. కొన్ని ఇళ్ళలో గూడు చేసి, రెండు ఇటుక ముక్కలు దూర్చి, సిమెంటు పూసి పంపేస్తారు. పూత పొడిగా ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంటుంది.

గాలి సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళెవరూ ఆ తుపానుని మర్చిపోరు. మన తూర్పు తీరానికి డిజైన్ చేసేటప్పుడు తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. పెంకు కప్పుని గాలి కిందికి నొక్కడమే కాదు, పైకి లాగుతుంది కూడా. గడ్డర్ కొనని బెడ్ బ్లాక్‌లో నాటిన బోల్టులకి బిగించి, వాసాల అడుగుల్ని ఇనుప పట్టీలతో గడ్డర్‌కో గోడ బ్యాండ్‌కో కట్టించండి. ఎలాగూ పెంకు దింపుతున్నారు, ఆ పని అప్పుడే అవ్వాలి.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో మామూలు రెడ్ ఆక్సైడ్ ఒక్క పూతతో సరిపెట్టకండి. తుప్పు బాగా గీకించి, జింక్ ప్రైమర్ మీద ఎపాక్సీ వేయించండి. ముఖ్యంగా గోడలోకి వెళ్ళే కొనలకి, గూట్లో పెట్టకముందే. చెమ్మ గోడలో ముందు తుప్పు పట్టేది అవే. తుప్పు ఉబ్బి గోడ పగిలాక గానీ బయటపడదు. వెల్డింగ్ ఎంత వీలైతే అంత నేల మీదే ముగించి, పైన బోల్టులతో బిగించుకోవడం మంచిది. ఎండిన టేకు, అటక మీది దుమ్ము, కొబ్బరి పీచు, వీటి పక్కన వెల్డింగ్ నిప్పురవ్వ అంటేనే నాకు టెన్షన్.

ఏ ఇంటికి ఏది

గోడలు పదడుగులు దాటి, ఇటుకవి అయ్యి, మధ్య గోడ గట్టిదైతే రెండో ఆలోచన లేకుండా గూళ్ళలో దించిన గడ్డర్, దగ్గరి దూరం దిక్కుగా. కింది గది తొమ్మిదడుగుల లోపే ఉంటే దంతెల్ని పక్కలకి చేర్చే పద్ధతి, వడ్రంగి ఓపికున్నవాడైతేనే. మట్టి గోడలైతే చూరు పక్క గడ్డర్, చివర్లలో కొత్త స్తంభాలు, వాటికి వేరే పునాదులు. ఖర్చు చూసి వెనక్కి తగ్గినా తప్పులేదు. నడికొప్పు ఎత్తు గోడ తల నుంచి ఏడడుగులు కూడా లేకపోతే ఏ గడ్డరూ ఆ అటకని గది చెయ్యలేదు. సామాన్లకి ఉంచేసి, ఆ డబ్బుతో వసారా మూయించుకోండి.

దూలం కింద మంచం వెయ్యకూడదని పెద్దవాళ్ళంటారు. దంతెల్ని ఇంద్రుడు, యముడు, రాజు అని లెక్కపెట్టి యముడి దగ్గర ఆగకుండా చూసేవాళ్ళూ ఉన్నారు. నమ్మకం సంగతి మీ ఇష్టం. వాళ్ళ మాట పని మొదలవకముందే వినేస్తే నయం. గడ్డర్లు వచ్చాక ఒకటి పెంచమంటే దూరాలన్నీ మారిపోతాయి.

ఇనుము కొనేముందు ఒక పని చెయ్యండి. కొత్త నేల ఎంత ఎత్తున వస్తుందో అంత ఎత్తున పాత అటక మీద నాలుగు బల్లలు పరిపించండి. నేల కిందికి దిగేదైతే ఆ తేడాని లెక్కలో కలుపుకోండి. గడ్డర్ల అడుగులు ఎక్కడొస్తాయో అక్కడ రంగు దారాలు లాగి కట్టండి. మెట్లు వచ్చే చోట నిచ్చెన వేసుకుని, ఇంట్లో అందరికన్నా పొడుగైన మనిషిని చేతిలో బిందెతో ఎక్కమనండి, దిగమనండి. మెట్ల తల నడికొప్పు కిందికి వచ్చేలా ఉందో, చూరు పక్కకి పోయిందో అక్కడే తెలిసిపోతుంది. దారం ఎక్కడ తగిలిందో డ్రాయింగ్ మీద గుర్తు పెట్టుకుని ఇంజినీర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

మావయ్య ఇంట్లో నేల దించడం ఇప్పుడు కుదరదు. వాసాల్ని పట్టి ఉంచే ఆ అడ్డ గడ్డర్‌ని ఊరికే తీసెయ్యడానికీ లేదు. మెట్ల దిశ మార్చి, తల గడ్డర్ దాటాక పైకి వచ్చేలా చెయ్యొచ్చు. కొలతలు తీసి గీసిచ్చాను. సంక్రాంతి వెళ్ళాక వస్తానన్నాడు వడ్రంగి. అప్పటిదాకా పరుపు ముక్క అక్కడే ఉంటుంది.